పలక ముక్కలు

కూర్చో తిరపతమ్మా.
పిల్ల చెవులు మూసుకుంటంది, చూడు,
కోత మిషను అటు పక్క.
ఇట్టా గోడవారకి రా, ఇక్కడ మోత తక్కువ.
మార్కాపురంలో ఏ మూల ఎంత మోతో
మా ఖాసిం నేర్పినాడు నాకు.

తర్లుబాడు నుంచి వచ్చినావంటగా.
ఒంగోలు కూడా పోయొచ్చే ఉంటావు.
పొదిలి దాటినాక బస్సులో పిల్ల అరిస్తే
సీట్లన్నీ వెనక్కి తిరిగే ఉంటాయి.
డాక్టరు ఆ మాట చీటీ మీద రాసిచ్చే ఉంటాడు.
ఆటిజం.
అందులో ఆట ఉంది, ఇంతేగా అనుకుని
నేను తిరుగు బస్సెక్కినా.

తర్వాత ఏడ్చినా. అది చెప్పను, నీకు తెలుసు.
కసుమూరు దర్గాలో తాయెత్తు కట్టిస్తే
కొరికి తెంపేసినాడు.
కడుపుతో ఉండి పలకపొడి మింగినావు, అందుకే
అన్నది మా అత్త.
నేనూ నమ్మినా, రెండేళ్ళు.

ఈ ఫ్యాక్టరీలో పలకలకి చెక్కలు బిగిస్తా.
ఎవరెవరి పిల్లలో అ ఆలు దిద్దే పలకలు.
మావాడు పలకడు.
పలకకీ పలకడుకీ మధ్య
అడ్డం ఒక్క అక్షరం.

ఒకరోజు విరిగిన ముక్క మీద చెంబు గీసినా.
ఊరికే, చేతిలో బలపముండి.
వాడు దాన్ని తీసుకుపోయి
బిందె ముందర పెట్టినాడు.
నా చేతులు అట్టాగే నిలబడినయి.
దాహమని వాడు ఏడ్చిన ఏడుపులు
ఎన్నిటికి అన్నం పెట్టినానో
ఏడేళ్ళు!

ఇప్పుడు సంచిలో నలభై ముక్కలున్నయి.
చెంబు, పళ్ళెం, దొడ్డి, బస్సు.
వాళ్ళ నాయన లారీ.
లారీకి మీసం పెట్టినా,
లేకుంటే రోడ్డు మీద ప్రతి లారీకీ పరిగెత్తుతాడు.
బడిలో సారు మొదట్లో నవ్వినాడు,
ఇప్పుడాయనే బలపాలు పంపిస్తాడు.

మొన్న బొమ్మ లేని ముక్క తెచ్చి
నా ఒళ్ళో పెట్టినాడు.
నీళ్ళా? కాదు.
అన్నమా? నెట్టేసినాడు.
మళ్ళీ అదే ముక్క, నల్లగా, ఏమీ లేకుండా.
చానాసేపటికి తెలిసింది,
ఏమీ అడగొద్దంటన్నాడు.
ఇద్దరం గడపలో కూర్చున్నాం ఎండ దిగిందాకా.
వాడు నా గాజు తిప్పుతా ఉన్నాడు.

ఆ ముక్క నేనూ వాడతన్నా.
పెళ్ళికాడ ఎవరన్నా
ఇంకా మాటలు రాలేదా అంటే
కొంగులోంచి తీసి వాళ్ళ చేతిలో పెడతా.

దిగులు పోయిందని అబద్ధం చెప్పను.
నా తర్వాత వీడెట్టా అని
రాత్రి వచ్చి పక్కన పడుకుంటది.
పొద్దున్నే డ్యూటీకి నేను లేస్తా.
దానికి డ్యూటీ లేదు.

ఇదిగో, ఈ ముక్క నీది.
అంచులు అరగదీసినా, వేలు కోసుకోదు.
బొమ్మ నేను వెయ్యను.
నీ పిల్ల దేన్ని చూసి ఆగుద్దో
నాకేం తెలుసు?
నీకు తెలుసు.
ఇంద, బలపం.