జెండా ధర

చాంబర్ హాల్ల ఏసీ చల్లగుంది.
మిర్చి ఘాటు అంటిన మా అంగీలు
ఒకదాన్ని చూసి ఒకటి తుమ్మినయ్.
తెర మీద వచ్చే ఏడాది ఉన్నది,
నీలి రంగుల, బాణాలన్నీ మీదికే.

మైకు పట్టిన పిల్ల పేరు శ్రీనిజ.
మర్యాద తెలిసిన పిల్ల, మమ్ముల అంకుల్ అనలే, సార్ అన్నది.
"వచ్చే సంవత్సరం మీ వ్యాపారంలో
లెక్క రాసేది మెషీనే,
ఫోనెత్తి మాట్లాడేది మెషీనే,
కాయ చూసి రంగు చెప్పేది కెమెరానే.
మారినవాళ్లే మిగులుతారు."
విశ్వనాథం సేటు తలూపిండు.
బేరం వద్దనుకున్నప్పుడు గూడ
సేటు అట్లనే ఊపుతడు.

నేను గుమస్తాను.
ఇరవై ఆరేండ్ల సంది తక్‌పట్టీలు రాస్తున్న.
చూపుడువేలికి కార్బన్ నీలం
పుట్టుమచ్చ లెక్క.
నా పని పేరు మూడో బాణం కింద
చిన్నక్షరాల్ల వచ్చింది.
అద్దాలు పెట్టుకునే లోపు తెర మారింది.

పోయినేడు ఇదే హాల్ల ఇంకో సారు డ్రోన్లన్నడు.
అంతకు ముందేడు బ్లాక్‌చెయిన్ అన్నడు ఇంకొకాయన.
సేటు గల్లా తాళంచెవి ఇప్పటికీ మొలతాడుకే ఉన్నది.
క్యూఆర్ కోడ్ మాత్రం
ఎవ్వరూ చెప్పకుండనే వచ్చి
యాకూబ్ చాయ్ బండి మీద కూసున్నది.

బాణాలు చూస్తుంటే
ఎనుమాముల యార్డు యాదికొచ్చింది.
పొద్దుగాల జెండా పాట.
అందరి కండ్లు ఒక్క కుప్ప మీద,
తాలు లేని, తడి లేని, తొడిమ గూడ మెరిసే కుప్ప.
పాట లేస్తది, లేస్తది, ఆగుతది.
మర్నాడు పేపర్ల అదే అచ్చయితది: మిర్చికి రికార్డు ధర!
మిగిలిన వేల బస్తాలు
ఒక్కొక్క మెట్టు దిగుకుంట అమ్ముడువోతయ్.
దిగిన మెట్లు ఎవ్వరూ అచ్చెయ్యరు.
నేను రాస్త.
మూడు కాపీలు.

బిడ్డా, నువ్వు చెప్పింది అబద్ధం గాదు.
అది జెండా ధర.

మొన్న గూడూరు కాడి బానోతు లచ్చు
సేటు కొత్తగ పెట్టిన గొంతు మెషీన్‌కు ఫోన్ చేసిండు.
"సరుకు రేపు తేవాల్నా, ఎల్లుండి తేవాల్నా?"
"మీ అభ్యర్థన స్వీకరించబడినది."
లచ్చు జరసేపు ఊకున్నడు.
"అంటే రేపా?"
"ధన్యవాదములు."
రాత్రికే ట్రాలీ కట్టుకొని వచ్చిండు.
వాన గూడ వచ్చింది.
టార్పాలిన్ కింద చాయ్ తాగుకుంట అడిగిండు,
"సారూ, దానికి పెండ్లాం పిల్లలున్నరా?"
నవ్విన.
నవ్వకుండ ఉండాల్సింది.

అట్లని పాతదంతా బంగారమా?
కరెంటు కాంటా వచ్చిన్నాడు
దడువాయి ఓదేలు షెడ్డు వెనక కూసొని ఏడ్చిండు.
మాకందరికి జాలేసింది.
కొంరమ్మ మాత్రం చాటతోని కాయలెత్తుకుంట
తల తిప్పకుండ అన్నది:
"ఏడ్వనియ్యుండ్రి.
ఆని చేతిల ముల్లు ఎన్నడన్న
రైతు దిక్కు మొగ్గిందా?"
అప్పటి సంది
ఏ మెషీన్ మీద కోపం చేద్దామన్నా
ఆ మాట అడ్డం కూసుంటది.

"ప్రశ్నలున్నాయా?" అన్నది శ్రీనిజ.
ఎవ్వరం చెయ్యెత్తలే.
సమోసాల వాసన అప్పటికే వస్తున్నది.

బయట మెట్ల కాడ నా పక్కన నిలబడి
ఆమె ఒక్కసారే మూడు తుమ్ములు తుమ్మింది.
"సార్, ఇవాళ మిర్చి ధర ఎంత?"
"జెండాదా, లచ్చుదా?"
ఫోన్ తీసింది. తెరిచింది.
ఏమనుకున్నదో, మళ్ల సంచిల వేసింది.
"లచ్చు ఎవరు?"

జేబుల బుక్కు లేదు.
నోటికే,
కింది మెట్టు సంది మొదలువెట్టిన.