ఆరో అంకె

చీమకుర్తిలో మధ్యాహ్నం మూడున్నర.
బ్లాకు మోసుకుపోయే లారీ వెళ్లిన ప్రతిసారీ
నా నెట్ సెంటర్ అద్దాలు పళ్లు నూరతాయి.
కీబోర్డు గుడ్డతో తుడుస్తాను, మళ్లీ దుమ్ము.
ఇక్కడ అక్షరాలన్నీ బూడిదరంగువే.

ఐదింటికి ఆప్షన్లు మూసేస్తారు.

స్టూలు మీద హిమజ.
వెనక నిలబడి వాళ్ల నాయన పెంచలయ్య,
పాలిషింగ్ యూనిట్లో సగం పూట సెలవడిగి వచ్చినోడు.
చెవిలో ఇంకా మిషను తిరుగుతున్నట్టు
గట్టిగట్టిగా మాట్లాడతాడు.

తెర మీద రెండు వరుసలు.
పైది,
పేరు చెప్తే బస్సులో పక్కనోడు జరిగి చోటిచ్చే కాలేజీ.
అక్కడ ఈ పిల్లకి వచ్చేది ప్రొడక్షన్ ఇంజినీరింగ్,
అదేంటో నాకూ తెలీదు, తనకీ అక్కర్లేదు.
కిందిది,
పేరు చెప్తే "అదెక్కడమ్మా?" అని అడిగే యూనివర్సిటీ.
అక్కడ జియాలజీ.

"బ్రాంచి ఎవుడడిగాడమ్మా, బోర్డు చూస్తారు గానీ"
అన్నాడు పెంచలయ్య.
"రాయే చదవాలంటే ఊరు దాటడమెందుకు?
నా కాడికి రా, రోజుకి నలభై పలకలు చదివిస్తా."

నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఆయన నా వైపు తిరిగాడు.
"మీరేం చదివారు సార్?"

ఏం చెప్పను.
నచ్చిందే చదివాను. చరిత్ర.
ఒంగోల్లో, ఎవరు వద్దన్నా వినకుండా,
ఒక్క శాసనం కోసం మోటుపల్లికి మూడుసార్లు పోయి.
ఇప్పుడు ఆధార్ కార్డులకి లామినేషన్ చేస్తాను.
బాధ ఉందా అంటే లేదు,
అద్దె కట్టే వారం తప్ప.
నా బతుకు ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతుందో
నాకే తేలని కేసు ఇది.
"డిగ్రీ" అన్నాను. అంతే అన్నాను.

హిమజ చున్నీ కొస ముడి విప్పింది.
అగ్గిపెట్టెలో సగమంత రాతి చిప్ప.
ఫోను లైటు పట్టింది.
నల్లటి లోతులో
బంగారు నలుసులు లేచి నిలబడ్డాయి.
"ఇవి ఎందుకు మెరుస్తాయి నాయనా?"
"పాలిష్ పడతాం గనక."
"పట్టకముందు లోపల ఎందుకున్నాయి?"

పెంచలయ్య చిప్ప తీసుకుని
బొటనవేలితో రుద్దాడు, అలవాటు కొద్దీ.
ముప్పై ఏళ్లుగా అదే వేలు.
"నీకు తెలుసా?"
"తెలీదు" అంది.
చాలా సంతోషంగా అంది ఆ మాట.

నాలుగూ నలభై. కరెంటు పోయింది.
యూపీఎస్ మొదలెట్టింది,
తల్లి కనపడని కోడిపిల్లలా, ఆగకుండా.
హిమజ బాణం గుర్తు నొక్కింది.
కింద వరుస పైకి, పై వరుస కిందికి.
ఓటీపీ వాళ్ల నాయన ఫోనుకి.

ఆయన వేలు పెట్టాడు, ఫోను తెరుచుకోలేదు.
తుడిచి మళ్లీ పెట్టాడు.
ఆ వేలికి ముద్ర లేదు. రాయి తినేసింది.
రేషన్ షాపులోనూ ఇదే గొడవ.
చివరికి గీత గీసి తెరిచాడు.

"పైన ఏది పెట్టింది?" నన్నడిగాడు.
అబద్ధానికి సరిపోయేంత జాగా
ఆ ప్రశ్న పక్కనే ఖాళీగా ఉంది.
"జియాలజీ" అన్నాను.

ఫోను కళ్లకి దూరంగా పట్టుకుని చదివాడు.
నాలుగు. సున్నా. ఏడు. ఏడు. రెండు.
ఆగాడు.

యూపీఎస్ అరుస్తోంది.
బయట లారీ పోయింది, అద్దాలు పళ్లు నూరాయి.
ఆ పిల్ల వెనక్కి తిరగలేదు,
మెడ మీద నరం మాత్రం కదిలింది.

"ఆరోది ఎనిమిదో, తొమ్మిదో,
కళ్లజోడు తేలేదు. నువ్వే చూసుకో"
అని ఫోను కూతురికిచ్చాడు.

కరెంటొచ్చాక ప్రింటు తీశాను.
వేడి ఆరకముందే కాగితం మీద సన్నగా దుమ్ము.
ముప్పై రూపాయలిచ్చి వెళ్లారు.
రాతి చిప్ప
ఆయన జేబులోనే వెళ్లిపోయింది.