మూడో గడి

ఫారంల మూడు గళ్లున్నయి.
ఇష్టమున్న వరుసల నింపాలె.
ఒక్క సెమిస్టరు, నూట ఇరవై రోజులు.
ఆఖరు తేదీ శుక్రవారం, సాయంత్రం అయిదు.

మొదటి గడి జర్మనీకే అని అందరూ అనుకున్నరు.
జానయ్య సారు అనుకున్నడు,
మెస్సుల చపాతీలు కాల్చే వసంతక్క అనుకున్నది,
నేను గూడ అనుకున్న.
ఆ ఊరి పేరు నోట్లె తిరగక
ఫర్హీనూ నేనూ రెండు రాత్రులు నవ్వినం.
రెండోది జపాను. ఫొటోల వాళ్ల ల్యాబు
పెండ్లికి పెట్టిన స్టీలు సామాను లెక్క మెరుస్తున్నది.
మూడోది టాంజానియా.
లిస్టు నిండాలని పెట్టినట్టున్నరు, అన్నడు సారు.

రాత్రి హాస్టల్ మెట్ల మీద, సిగ్నల్ దొరికే ఆ ఒక్క మెట్టు మీద
మూడోదాని సిలబస్ తెరిచిన.
పదకొండో పేజీ, నాలుగో వారం:
నల్లగొండ పద్ధతి.

ఫోను మొఖం దగ్గరికి తెచ్చుకొని మళ్ల చదివిన.
బస్సు బోర్డు మీద, రేషన్ కార్డు మీద తప్ప
ఎన్నడూ చూడలేదు ఆ పేరును గంత దూరంల.
నీళ్లల్ల సున్నం, పటిక వేసి కలిపి
ఫ్లోరైడును అడుక్కు దించే ఉపాయం.
దుకాణాలకు దిష్టి కోసం కడ్తరే, గదే పటిక.
మాకు రెండు మార్కుల ప్రశ్న.
అక్కడ ఎవరో పిల్లలు పరీక్షల
మా ఊరి పేరు స్పెల్లింగు తప్పు పోకుండ రాస్తున్నరు.

మా ఇంటి నల్లాల కృష్ణ నీళ్లొచ్చేసరికి
నేను ఆరో తరగతి.
అప్పటికే నాకు పండ్లొచ్చినయి.
చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుడు
నాకు ఎక్కాల కన్న ముందు వచ్చింది.
పాస్‌పోర్టు ఫొటోల నోరు మూసుకోవాలంటే
ఆ రూలు నాకు మస్తు నచ్చింది.

మంగళవారం జర్మనీ ఇంటర్వ్యూ.
మంచోడే ఆయన. మ్యాపు చూపించిండు,
రంగురంగుల మ్యాపు, మా మండలం ఎర్రటి చుక్క.
మస్తు డేటా ఉన్నది, అన్నడు.
ఆ చుక్కల కూసోనే మాట్లాడుతున్న అని
నేను చెప్పలేదు.

బుధవారం నీమా మేడం.
కరెంటు రెండుసార్లు పోయింది, ఒకసారి మాది, ఒకసారి వాళ్లది.
రెండోసారి వచ్చినంక ఆమె నవ్వింది.
చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.
ముందటి పండ్ల మీద అవే గోధుమరంగు గీతలు.

మీ పద్ధతి మా దగ్గర సరిగ పని చేస్తలేదు, అన్నది,
ఎందుకో వచ్చి చూస్తవా?
మా దగ్గర గూడ చేస్తలేదు మేడం,
మా బడెనక ఆ తొట్టిల మేకపిల్లల్ని తోల్తరు, అన్న.
నా చెయ్యి ఎక్కడున్నదో
అప్పుడు నేను చూసుకోలేదు.

అటు పోయొస్తే ఉద్యోగమేమొస్తది, అన్నడు సారు.
తెల్వదు సార్.
నిజంగనే తెల్వదు.

శుక్రవారం నాలుగున్నరకు
మొదటి గడిల మూడోది రాసిన.
మిగిలిన రెండు ఖాళీ ఉంచితే సైటు ఒప్పుకోలేదు.
జర్మనీ రెండు. జపాను మూడు.

నాయినకు ఫోన్ చేసిన.
బోరు బండి మీద ఉన్నడు, దేవరకొండ దిక్కు,
మోత ఆగేదాక ఇద్దరం ఊకున్నం.
దేశం పేరు రెండుసార్లు చెప్పిచ్చుకున్నడు.
పైసలడగలేదు. పోవుడెందుకు అనలేదు.
అక్కడ నీళ్లు ఎన్ని ఫీట్లకు పడ్తయే, అన్నడు.

కనుక్కొని చెప్త, అన్న.