మూత తియ్యని మూడు గంటలు

ఉత్తర డకోటాలో డిసెంబరు.
రాత్రి బస్సు ఇంజనుకి ప్లగ్గు పెట్టి పడుకోవాలి,
లేకపోతే తెల్లారి అది లేవదు.
వంటగదిలో స్లో కుక్కరుకి ఇంకో ప్లగ్గు.
రెండూ నాకోసం వెచ్చగా ఉంటాయి,
మా ఆయన ఓరిన్ మాత్రం దుప్పటంతా లాక్కుంటాడు.

పందొమ్మిదేళ్లుగా ఒకటే లెక్క.
అడుగున వేయించిన వేరుశనగలు,
ఒక డబ్బా ఉప్పుది, ఒక డబ్బా చప్పిడిది.
పైన విరిచిన చాక్లెట్ పలకలు,
ఆ పైన తెల్ల చాక్లెట్ ముక్కలు, మంచు పడ్డ పెంకుల్లా.
సన్నసెగ. మూడు గంటలు.
కలపకూడదు, మూత తియ్యకూడదు.
మూతకి పట్టిన ఆవిరి ఒక్క చుక్క జారినా
చాక్లెట్ అలిగి ఇసుకముద్దవుతుంది,
ఇక ఎంత బుజ్జగించినా మాట వినదు.
అందుకే మూత కింద పాత తువ్వాలు కడతాను,
జలుబు చేసిన పిల్లాడి తలకి కట్టినట్టు.

సెలవులకి ముందురోజు, బస్సెక్కే ప్రతి పిల్లకీ పిల్లాడికీ రెండేసి ఉండలు.
ఇంటికెళ్లాక తినండి అంటాను. ఎవరూ వినరు.
ఆ ఒక్కరోజూ
సీట్ల మీద ఎవరూ నిలబడరు.

మొన్న ఆగస్టులో, గాలిమరల పనికొచ్చిన ఇంటినుంచి
ముప్పై రెండోవాడు ఎక్కాడు.
ఎలీసియో. ఆరేళ్లు.
వాడితోపాటు వాడి సూది కూడా ఎక్కింది,
నా సీటు వెనక ఎర్రపెట్టెలోకి.
వేరుశనగ పడితే గొంతు మూసుకుపోతుందట.
ఆ మాట చెప్తూ వాళ్లమ్మ మారిసెల్
తన గొంతు మీదే చెయ్యి పెట్టుకుంది.

"ఒక్కడికి వేరే ఏదైనా కొనివ్వరాదా" అన్నాడు ఓరిన్.
ఇచ్చాను, హాలోవీన్‌కి.
అందరి చేతుల్లో ఒకటి, వాడి చేతిలో ఇంకొకటి.
థ్యాంక్స్ చెప్పాడు. విప్పలేదు.
కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పాత కుక్కరుని మూడుసార్లు తోమాను.
పందొమ్మిదేళ్ల వేరుశనగ దాని పగుళ్లలో కాపురముంది.
కొత్తది కొన్నాను, నలభై డాలర్లు.
ఓరిన్‌కి ఇరవై అని చెప్పాను.

మరి అడుగున ఏం వెయ్యను?
బాదం వద్దు, జీడిపప్పు వద్దు, అదో భయం.
ఖాళీ బస్సు నడుపుతూ మూడురోజులు ఆలోచించాను.
దారికి రెండు పక్కలా
మంచులోంచి పొద్దుతిరుగుడు మొండేలు
నల్లగా తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి.
ఇన్నేళ్లూ వాటి మధ్యనుంచే కదా
వేరుశనగలు కొనడానికి పట్నం వెళ్లొచ్చాను!

శనివారం మారిసెల్ వచ్చింది, కళ్లజోడు తెచ్చుకుని.
ప్రతి పొట్లం వెనకా ఉన్న చీమతలకాయంత అక్షరాలు
వేలుపెట్టి చదివింది.
ఒక పొట్లం పక్కకి నెట్టేసింది, ఎందుకని నేనడగలేదు.
గింజలు తనే పోసింది.

మూత పడింది.
ఇక మాకు మూడు గంటలు.
మూడొందల అడుగుల ఎత్తున మొగుడు బోల్టులు బిగిస్తుంటే
కింద తనెప్పుడూ తల ఎత్తి చూడనంది.
నేను బ్రేకులు జారిన ఓ మార్చి ఉదయం గురించి చెప్పాను,
ఓరిన్‌కి కూడా చెప్పనిది.
గాజు లోపల తెల్లపెంకులు ఒక్కొక్కటే కుంగుతున్నాయి.
ఆమె చెయ్యి రెండుసార్లు మూతదాకా వెళ్లి
వెనక్కొచ్చింది.
ఆగడం ఆమెకి నేను నేర్పాల్సిన పని కాదు.

బస్సులో ఎలీసియో ముందు వాసన చూశాడు,
వాళ్లమ్మ నేర్పినట్టు.
తర్వాత పక్కవాడి చేతిలోకి చూశాడు.
"అందరికీ ఇదేనా?"
"అందరికీ ఇదే."
వెనకసీటునుంచి గ్రేడీ గోల: "పిచ్చుకల మేత!"
అంటూనే రెండోది నోట్లో వేసుకున్నాడు.

నాలుగు మైళ్లు
రోడ్డు మీద ఒక కన్ను, అద్దంలో ఆ చిన్న గొంతు మీద ఒక కన్ను.
వాడు వేళ్లు నాకుతున్నాడు.

మలుపు దగ్గర మంచులో మారిసెల్,
చేతులు కోటు జేబుల్లో బిగించి.
బండి ఆపి
తలుపు తీశాను.