ఉప్పు గోడలో చుక్కమందు

లారీ మీంచి పడ్డాక
సిప్రియానో తల బాగానే మానింది.
దాహమే మానలేదు.

రాత్రికి పదకొండుసార్లు లేచేవాడు.
దుప్పటి కింద లెక్కపెట్టేదాన్ని:
చెంబు చప్పుడు, తలుపు చప్పుడు,
బయట గడ్డకట్టిన ఉప్పునేల మీద
రంగూ వాసనా లేని ధార.
తాగిన నీళ్లు తాగినట్టే.
"చక్కెర జబ్బే" అంది అత్త గ్రెగోరియా.
సిగ్గు విడిచి
వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను.
చప్పన.

పొటోసీలో డాక్టరమ్మ
ముక్కు వెనకాల, చాలా లోపల చూపించింది
శనగగింజంత గ్రంథి.
ఒంట్లో నీటికి గొళ్లెం అదేనట.
దెబ్బకి ఊడింది.

ఇప్పుడు ముక్కులో ఒక్క చుక్క.
సీసా చల్లగా ఉండాలని
ఉప్పు ఇటుకల గోడలో గూడు తొలిచాను.

చుక్క పడ్డాక పాత అలవాటున చెంబులెత్తితే
నెత్తుట్లో ఉప్పు పలచబడుతుందట,
మనిషి తూలి పడిపోతాడట.
కోల్చానిలో పుట్టి
ఉప్పు చాలక చస్తే
ఊరు నవ్వదూ!

అందుకే ఆదివారం పొద్దున చుక్క ఆపుతాం.
దాహం కోసం గుమ్మంలో కూర్చుంటాం,
చుట్టం వస్తానని కబురు పెట్టినట్టు.
వస్తుంది.
చెంబు నేనే అందిస్తాను.

మిగతా రాత్రులు అతను నిద్రపోతాడు.
నాకే ఇంకా
పదకొండుసార్లూ మెలకువ.