బాబిన్ కేసు

కుతాయిసీలో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
మెట్టుకొక తిట్టు చొప్పున ఎక్కింది మాక్వాల పిన్ని.

ఇరవై రెండేళ్ళ కిందట
అమ్మమ్మ కుట్టుమిషను అమ్మకి దక్కిందని
బాబిన్ కేసు ఊడపీకి
కోటు జేబులో వేసుకుపోయిన మనిషి.

"లావయ్యావు," అంది అమ్మ, మంచంలోంచి.
"నీ ఒంట్లోది నాకొచ్చింది."

కిటికీ కింద ఎవరో అక్రోట్లు బేరమాడుతున్నారు.

పిన్ని దుప్పటి మీద పెట్టింది దాన్ని.
తుప్పు లేదు. ఏటేటా నూనె రాసిందట,
కోపానికి.

"బజార్లో కొత్తది దొరకలేదా, త్సియాలా?"

"కొంటే నువ్వెందుకొస్తావు?"

ఆ రాత్రి మిషను మోగింది.
ఏం కుడుతోందో నేనడగలేదు.
అమ్మ వేళ్ళు దుప్పటి అంచున కుట్లు లెక్కపెడుతున్నాయి.

తెల్లారి చూశాను:
మిషన్లో గుడ్డ లేదు, దారమూ లేదు.
అమ్మ ఆగిన చాలాసేపటిదాకా
పిన్ని తొక్కుతూనే ఉంది.