ఏడో మంచం

నా సంచిలో ఉండేవి ఇవే:
టేపు, టార్చి, పొగ అలారం నొక్కే కర్ర,
నాలుగు రంగుల ఫారాలు.
పందొమ్మిదేళ్లుగా ఈ ఊరి ఇళ్లను
అంగుళాల్లో చదువుతున్నాను.

ఒహాయో నది ఒడ్డున, గాజు ఫ్యాక్టరీ మూతపడ్డ వీధిలో
ఒకప్పటి పళ్ల డాక్టరు ఇల్లు.
గుమ్మం మీద కొత్త బోర్డు: 'రెండో ఉదయం'.
మత్తు మానినవాళ్లు, మానుతున్నవాళ్లు,
మానేశానని ఈ పూటకి మాత్రమే చెప్పగలిగినవాళ్లు.
వారానికి నూట నలభై డాలర్లకి ఒక మంచం.

జనవరిలో ఫిర్యాదు వచ్చింది, సంతకం లేకుండా.
చెత్తడబ్బాలు ఎక్కువ, కార్లు ఎక్కువ,
వరండాలో సిగరెట్లు ఎక్కువ అని.
మనుషులు ఎక్కువ అని రాయలేదు గాని
చదువుతుంటే అదే వినబడింది.

వర్నెల్ టాకెట్ తలుపు తీసింది, మెళ్లో తాళాలగుత్తి.
తొమ్మిదేళ్ల కిందట తనూ ఇలాంటి మంచం మీదే
మొదటిసారి ఒళ్లు తెలిసి నిద్ర లేచిందట.
మేడ మీద వెనక గది:
పొడవు పద్దెనిమిది, వెడల్పు పదిహేడు.
తలకి యాభై చదరపుటడుగులని రూలు.
ఆరుగురికి సరిపోతుంది.
మిగిలేది ఆరడుగులు.

మంచాలు ఏడు.

ఏడోది కిటికీ కింద.
దాని మీద డెల్బర్ట్ హేగర్,
గాజు ఊదిన రోజుల కాలిన మచ్చలు చేతుల నిండా,
మేజోడు కుట్టుకుంటున్నాడు.
నేనేదో జడ్జినైనట్టు లేచి నిలబడ్డాడు.
"ఎక్కువైంది నేనేనా?"
"మంచం," అన్నాను.
ఆ తేడా అప్పట్లో నాకు పెద్దదిగా కనిపించేది.

బ్యాటరీ అయిపోయిన అలారం
నిమిషానికోసారి పిట్టలా కూస్తోంది.
అది వినబడటం మానేసి నెలైందన్నారు.
కిటికీ చిన్నది. మెట్ల మీద దీపం లేదు.
ముప్పై రోజుల గడువు రాసిచ్చి వచ్చాను.

బుధవారం కౌన్సిల్ మీటింగు.
తలా మూడు నిమిషాలు, తర్వాత ఎర్ర దీపం.
ఇళ్ల ధరల గురించి ఒకాయన మూడూ వాడుకున్నాడు.
అలాంటి ఇంట్లోనే కొడుకు పోయిన ఒకావిడ
"వెళ్లి చూడండి. మూయకండి," అంది.
మిగతా రెండున్నర నిమిషాలూ
మైకు పట్టుకుని ఊరికే నిలబడింది.
ఎవరూ కూర్చోమనలేదు.
డెల్బర్ట్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.
"పదకొండు మందికి పొద్దున కాఫీ పెట్టేది నేనే.
అది చెబుదామని."
ఊరి లాయరు కళ్లజోడు తుడుచుకుంటూ తేల్చాడు:
మూయడానికి చట్టం ఒప్పుకోదు,
చూసుకోవడానికి బడ్జెట్ ఒప్పుకోదు,
కొలవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఇరవై తొమ్మిదో రోజు వెళ్లాను.
అలారం నోరు మూసుకుంది.
మెట్ల మీద దీపం. గోడ కోసి
వాళ్లే బిగించుకున్న పెద్ద కిటికీ,
సున్నం ఇంకా తడి.
మంచాలు ఆరు.

"లెక్క సరిపోయిందిగా," అంది వర్నెల్.
"డెల్బర్ట్?"
"శాంపిల్‌లో తేలింది. రూలు రూలే.
మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నరకి."
ఆ రాత్రి నాకు గుర్తే.
చలికి నా కారు కదల్లేదు.
"ఎక్కడికెళ్లాడు?"
ఆమె తాళాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది,
నేను అక్కడ లేనట్టు.

కిటికీ కింద నేల మీద
మంచం ఉన్నంత మేర రంగు వెలవకుండా ఉంది.
అడగకుండానే టేపు బయటికొచ్చింది.
పొడవు, ఆరడుగులు.

పచ్చ ఫారం తీశాను. నివాసులు: ఆరుగురు.
నిబంధనలకు లోబడి ఉన్నది.
సంతకం పెట్టాను.
కింద ఎవరో కప్పు అందించారు.
నిలబడే తాగాను.
"నీళ్లెక్కువయ్యాయి," అన్నాడొక కుర్రాడు,
"ఆయన పాళ్లు మాకెవరికీ తెలీదు."

అప్పట్నుంచి ప్రతి ఫారం అడుగునా
పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాస్తాను:
వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు?
అలాంటి గడి లేదంటూ
ఆఫీసులో గుమాస్తా ఓపిగ్గా చెరిపేస్తుంది.
ఆ చోట కాగితం కాస్త గరుకు.
వేలితో తడిమితే తెలుస్తుంది.